దొరబాబు గారి పథ్యం

మా ఇంట్లో పూటకి రెండు రకాల అన్నం వండుతారు. సన్నబియ్యంతో మెత్తగా వండి, పైన చెంచాడు నెయ్యి వేసేది కుక్కకి. కొర్రలు నానబోసి ఉడికించి, నెయ్యి గిన్నె నా చెయ్యి అందనంత దూరంలో పెట్టి వడ్డించేది నాకు. ఈ ఏర్పాటు ఇద్దరు డాక్టర్ల సంతకాలతో, రెండు వేర్వేరు చీటీల మీద, అన్ని విధాలా సక్రమంగా జరిగింది కాబట్టి దీని మీద ఏ కోర్టుకీ వెళ్ళడానికి వీల్లేదు. నాకు షుగరు, దొరబాబుకి కిడ్నీ. నా డాక్టరు తెల్లన్నం మానమన్నాడు, వాడి డాక్టరు తెల్లన్నమే పెట్టమంది. నాకు కొవ్వు తగ్గించమన్నారు. వాడికి ప్యాంక్రియాస్ జబ్బేమీ లేదు కాబట్టి కాస్త కొవ్వు కలపమన్నారు, కిడ్నీలకి శ్రమ లేకుండా ఒంటికి శక్తి వస్తుందట. నేను విద్యుత్ శాఖలో చేసి రిటైరయినవాణ్ణి. సర్వీసంతా అన్యాయపు ఉత్తర్వులు చూస్తూనే ఉన్నాను గానీ, దేనికది న్యాయమే అయి, రెండూ కలిపి చదివితే అన్యాయమయ్యే ఉత్తర్వులు చూడడం ఇదే మొదలు.

దొరబాబు మా కుక్క పేరు. మా అమ్మాయి ఇంజినీరింగ్ చదివే రోజుల్లో పొమేరియన్ అని చెప్పి తెచ్చింది. పెరిగేకొద్దీ ఆ జాతి లక్షణాలు ఒక్కొక్కటే రాలిపోయి ఇప్పుడు తోక ఒక్కటి మిగిలింది. అమ్మాయి చదువు ముగిసింది, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, బెంగుళూరులో కాపురం పెట్టింది. కుక్క మాత్రం రాజమండ్రిలో మా దగ్గరే ఉండిపోయింది. హక్కులు అమ్మాయివి, ఖర్చులు నావి. రోజూ రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్ చేసి "దొరబాబు తిన్నాడా నాన్నా?" అని అడుగుతుంది. నేను తిన్నానో లేదో అడగదు. అడగక్కర్లేదు లెండి, చూస్తే తెలుస్తుంది.

జబ్బు బయటపడిన తీరు చెప్పాలి. వాడి నీళ్ళ గిన్నె ఊరికే ఖాళీ అయిపోతుంటే ఎండాకాలం కదా అనుకున్నాం. ఎండాకాలం వెళ్ళిపోయింది, దాహం వెళ్ళలేదు. అర్ధరాత్రి తలుపు గీకి బయటికి తీసుకెళ్ళమనేవాడు. మా ఇంట్లో ఆ వేళప్పుడు లేచే అలవాటు అంతదాకా నాకొక్కడికే ఉండేది. షుగరు మనిషికి ఒక తోడు దొరికిందని లోలోపల సంతోషించాను కూడా. తరవాత ఒళ్ళు తగ్గింది. నోట్లోంచి అమోనియా కంపు మొదలైంది. అన్నం గిన్నె ముందు కూర్చుని గోడకేసి చూడడం మొదలైంది. డాక్టరమ్మ రక్తం తీసింది, మూత్రం పట్టుకు రమ్మంది.

కుక్క మూత్రం పట్టే పని ఇంటి యజమానికి దఖలు పడింది. పాత సాంబారు గరిటె ఒక చేత్తో, గొలుసు ఇంకో చేత్తో పట్టుకుని తెల్లవారుజామున కరెంటు స్తంభాల వెంట వాడి వెనకాల తిరిగాను. ఆ స్తంభాలన్నీ నా హయాంలో వేయించినవే. ఎదురింటాయన నడకకి వెళ్తూ నమస్కారం పెట్టాడు. రెండు చేతులూ ఖాళీ లేక గరిటె పైకెత్తి ప్రతినమస్కారం చేశాను. ఆయన ఇప్పుడు వేరే వీధిలో నడుస్తున్నాడు.

రిపోర్టు వచ్చాక నాకు కిడ్నీ పాఠం చెప్పారు. కుక్కకి ఒక్కో కిడ్నీలో నాలుగు లక్షల దాకా నెఫ్రాన్లు, అంటే వడపోత గొట్టాలు ఉంటాయట. వాటిలో ఇంచుమించు ముప్పావు వంతు పోయేదాకా రక్తంలో క్రియాటినిన్ పెరిగినట్టు తేలదు. డబ్బంతా హరించుకుపోయాక గానీ బోర్డు తిప్పని చిట్‌ఫండ్ కంపెనీ ఇది. డిపాజిట్లు కట్టినవాళ్ళకి తెలిసేసరికి రూపాయికి పావలా మిగులుతుంది. ఎస్‌డీఎంఏ అని ఇంకో పరీక్ష కాస్త ముందుగా పట్టిస్తుంది గానీ, ఆరోగ్యంగా మొరిగే కుక్కకి ఆ పరీక్ష చేయించాలని ఎవరికి తోస్తుంది? కుక్కల, పిల్లుల కిడ్నీ జబ్బుకి మెట్లు నిర్ణయించడానికి ఐరిస్ అనే అంతర్జాతీయ నిపుణుల సంఘం ఒకటి 1998లో వియన్నాలో పుట్టింది. కుక్కకి క్రియాటినిన్ 1.4 లోపుంటే ఒకటో మెట్టు, 2.8 దాకా రెండు, 5 దాకా మూడు, ఆ పైన నాలుగు. దొరబాబుకి 3.3 వచ్చింది. మూడో మెట్టు. మా వంశంలో మూడో క్లాసు దాటనివాళ్ళు కొందరున్నారు, వాళ్ళని ఎవరూ మెచ్చుకోలేదు. వీడు మూడులో ఆగిపోతే అంతకంటే అదృష్టం లేదని డాక్టరమ్మ అంది.

"పోయిన కిడ్నీ తిరిగి రాదు అంకుల్. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. మందులు రాస్తాను గానీ అసలు మందు తిండే." నన్ను అంకుల్ అన్నందుకు నాకేమీ లేదు. వాణ్ణి మాత్రం "బేబీ" అంది. మనుషుల లెక్కలో వాడిదీ నాదీ ఇంచుమించు ఒకటే ఈడు. ఈ సంగతి కూడా ఫిర్యాదులో నమోదు కావాలని నా కోరిక.

అక్కణ్ణుంచి మా ఇంట్లో భాస్వరం ప్రవేశించింది. ఉప్పు అంటే తెలుసు, చక్కెర అంటే తెలుసు, నూనె అంటే తెలుసు. ఇన్నేళ్ళుగా భోజనం చేస్తున్నాను గానీ భాస్వరం తింటున్నానని నాకెవరూ చెప్పలేదు. భాస్వరం అంటే నాకు తెలిసినంతలో పొలానికి వేసే సూపర్ ఫాస్ఫేటు, డీఏపీ. అదే కిడ్నీ జబ్బు కుక్కకి మొదటి శత్రువట. దీని కథ విన్నాక నాకు కొంత గౌరవం కూడా కలిగింది. 1669లో హాంబర్గ్ ఊళ్ళో హెన్నిగ్ బ్రాండ్ అనే రసవాది, మూత్రంలోంచి బంగారం తీద్దామని బోలెడంత మూత్రం పోగుచేసి, నిలవబెట్టి, మరగబెట్టి, ఆ మడ్డిని కాల్చి చూశాడు. బంగారం రాలేదు, చీకట్లో మెరిసే పదార్థం ఒకటి వచ్చింది. అదే భాస్వరం. ఆయన భార్య ఈ సందర్భంలో ఏమందో చరిత్రలో లేదు గానీ మా ఆవిడ ఏమనేదో నాకు తెలుసు. సరే, ఒంట్లో మిగులు భాస్వరాన్ని మూత్రంలో బయటికి పంపడం కిడ్నీ ఉద్యోగం. కిడ్నీ ఆ ఉద్యోగం మానేస్తే భాస్వరం రక్తంలో పేరుకుంటుంది. దాన్ని సర్దడానికి మెడలో ఉన్న పారాథైరాయిడ్ గ్రంథులు అతిగా పనిచేసి, ఎముకల్లోంచి కాల్షియం లాగి, మిగిలిన కిడ్నీని కూడా పాడుచేస్తాయి. కాబట్టి తిండిలోనే భాస్వరం తగ్గించాలి.

ఎందులో ఉంటుంది ఈ భాస్వరం? బలమైన తిండి అని మనం వేటిని అనుకుంటామో వాటన్నిట్లోనూ ఉంటుంది. కార్జం, ఎముకలు, ఎముకల సూపు, ముళ్ళతో సహా నమిలే చిన్నచేపలు, పాలు, పెరుగు, పప్పులు, వేరుశెనక్కాయలు, రాగులు. దంపుడు బియ్యంలో ఎక్కువ, బాగా పాలిష్ పట్టిన తెల్లబియ్యంలో తక్కువ. మిల్లులో తవుడుతో పాటు సారమంతా పోగొట్టుకున్న అన్నమే పథ్యానికి శ్రేష్ఠమన్నమాట. ఏది ఒంటికి మంచిదని టీవీలో పొద్దున్నే చెబుతారో అదంతా దొరబాబుకి నిషిద్ధం, ఏది తినకూడదని నన్ను తిడతారో అది దొరబాబుకి విధాయకం. మా ఇద్దరి కంచాలూ పొరపాటున తారుమారైతే ఇద్దరికీ ప్రమాదమేనట. నా వరకు నేను ఆ ప్రమాదానికి సిద్ధంగా ఉన్నాను.

గుడ్డు విషయం ప్రత్యేకంగా చెప్పాలి. గుడ్డు తెల్లసొనలో మాంసకృత్తులు 3.6 గ్రాములుంటే భాస్వరం 5 మిల్లీగ్రాములు మాత్రమే. పచ్చసొనలో మాంసకృత్తులు 2.7 గ్రాములు, భాస్వరం 60 మిల్లీగ్రాముల పైమాటే. ఈ రెండు లెక్కలు చూశాక తెల్లసొన దొరబాబుకి, పచ్చసొన బహిష్కరణకి అని తీర్పు వచ్చింది. మరి ఆ పచ్చసొనలు ఎక్కడికి పోవాలి? నాకు కొలెస్ట్రాలు. మా ఆవిడకి గుడ్డు వాసన పడదు. మా అమ్మకి శనివారం కాకపోతే ఏకాదశి, ఏకాదశి కాకపోతే కార్తీకం. చివరికి వాటిని పనమ్మాయి కొడుక్కి పంపుతున్నాం. దొరబాబు మంచాన పడ్డ దగ్గర్నుంచి ఆ కుర్రాడు జానెడు ఎదిగాడు, బుగ్గలొచ్చాయి. ఈ మొత్తం వ్యవహారంలో స్పష్టంగా లాభపడ్డవాడు వాడొక్కడే.

కోడిమాంసం ఎముకలు తీసేసి, కొలిచి, ముక్కలు చేసి నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వంచేసి ముక్కలు మాత్రం పెట్టాలి. భాస్వరం కొంత ఆ నీళ్ళతో పోతుంది. ఈ మాట మా అమ్మ చెవిన పడ్డ రోజు ఇంట్లో పెద్ద గొడవయింది.

"ఒరేయ్, బలమంతా ఆ నీళ్ళలోనే కదరా ఉండేది! రసం పారబోసి పిప్పి పెడతార్రా నోరులేని జీవానికి?"

"ఆ బలమే వాడికి పడదంటమ్మా."

"బలం పడని జబ్బుంటుందట్రా ఎక్కడన్నా?"

నా దగ్గర జవాబు లేదు. ఎనభై దాటిన మనిషికి పారాథైరాయిడ్ గురించి చెప్పబోతే, థైరాయిడ్ తన చెల్లెలికి కూడా ఉందనీ, చేపలు మానేశాక తగ్గిందనీ అంది. ఆ నీళ్ళని రోజూ పెరట్లో కరివేపాకు మొక్కకి పోస్తున్నాం. ఉప్పూ కారం లేని నీళ్ళు కదా, చెట్టు గుబురుగా పెరిగిపోయింది. భాస్వరం ఎట్టకేలకు తనకి తగిన చోటికి చేరింది.

ఇంత చేసినా రక్తంలో భాస్వరం దిగలేదని అల్యూమినియం హైడ్రాక్సైడ్ రాశారు. నా గ్యాసు మందులో ఉండేదే. కాకపోతే మెగ్నీషియం కలిసిన సీసా వాడికి పనికిరాదు కాబట్టి నాది ముట్టుకోవద్దన్నారు, అదొక్కటి నాకు మిగిలింది. ఆ మందు అన్నంలోనే కలపాలి. ముందు వేసినా, అన్నం అరిగాక వేసినా దండగే, తిండిలో ఉన్న భాస్వరాన్ని పేగులోనే పట్టుకోవడం దాని పని. దానికి తోడు చేపనూనె, ఒమేగా-3 కోసం. చేపనూనె గుళిక పగిలిన గదిలో కూర్చుని కొర్రన్నం తినడం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇంత వంట ఎందుకని అమ్మాయి సంచీ తిండి పంపింది. కిడ్నీ జబ్బు కుక్కలకని ప్రత్యేకంగా చేసిన గుళికలు. భాస్వరం, ఉప్పు తక్కువ, మాంసకృత్తులు మితంగా, అవీ మేలురకానివి, బి విటమిన్లు, అన్నీ లెక్క ప్రకారం. రెండు కిలోల సంచీ ఖరీదులో మా ఇంటికి నెల బియ్యం వస్తాయి. ఈ తిండి పుట్టుక కథ మాత్రం బాగుంటుంది. అమెరికాలో మోరిస్ ఫ్రాంక్ అనే చూపు లేని ఆయనకి దారి చూపించే జర్మన్ షెపర్డ్ కుక్క ఉండేది, పేరు బడ్డీ. 1930ల చివర్లో దాని కిడ్నీలు దెబ్బతింటే, మార్క్ మోరిస్ అనే న్యూజెర్సీ పశువైద్యుడు తిండి మార్చి చూద్దామని తన ఇంటి వంటింట్లోనే పథ్యం వండించి గాజు సీసాల్లో పెట్టి ఇచ్చాడు. ఫ్రాంక్ ఊళ్ళు తిరిగే మనిషి, దారిలో సీసాలు పగిలిపోయేవి. అప్పుడు రేకు డబ్బాల్లోకి మార్చారు. 1948లో కాన్సస్ రాష్ట్రం టొపీకా ఊరి హిల్ ప్యాకింగ్ కంపెనీ ఆ తిండిని తయారుచేసి అమ్మడం మొదలెట్టింది. మా అమ్మ ఈ కథ విని, "అంటే ఆ డాక్టరు గారి భార్య వండిందన్నమాట" అంది. అన్ని కథల్లోనూ ఆవిడకి కావలసిన ముక్క దొరుకుతుంది.

బడ్డీ ఒక మనిషిని అమెరికా అంతా తిప్పింది, దాని కోసం సీసాలు మోశారంటే అర్థముంది. దొరబాబు ఇంతవరకూ చేసిన ప్రజాసేవ గ్యాసు బండ కుర్రాణ్ణి గేటు బయట నిలబెట్టడం.

సంచీ తిండి మొదటిసారి గిన్నెలో పోసినప్పుడు వాడు వాసన చూశాడు, నా మొహం చూశాడు. తరవాత సిమెంటు గచ్చు మీద లేని మట్టిని ముక్కుతో తోసి గిన్నెని పూడ్చే ప్రయత్నం చేశాడు. పొగరు అనుకున్నాను. కాదట. రక్తంలో వ్యర్థాలు పేరుకుంటే కడుపులో వికారం, నోట్లో పుళ్ళు. "పొగరు కాదు అంకుల్, కడుపులో తిప్పుతోంది. ముందు వాంతి మాత్ర వెయ్యండి, తేరుకున్నాక కొత్త తిండి కొంచెం కొంచెంగా పాతదాంట్లో కలపండి. వారాల మీద మార్చాలి. బలవంతంగా నోట్లో కుక్కారో, ఆ తిండి పేరెత్తితే జన్మలో రాడు. మాత్రలు ఆ తిండిలో దాచకండి. గోరువెచ్చగా చెయ్యండి, వాసన బాగా లేస్తుంది."

గోరువెచ్చగా! నా కొర్రన్నం వేడిచేసే ప్రసక్తి మా ఇంట్లో వచ్చి చాలాకాలమైంది. ఇప్పుడు పొయ్యి మీద మొదట వాడి గిన్నె ఎక్కుతుంది. ఒక ముద్ద మా ఆవిడ అరచేతిలో పెట్టి, "నాన్న కదూ, బంగారం కదూ, ఒక్కటి" అంటుంది. పెళ్ళయిన కొత్తలో నేను అలిగి అన్నం మానేస్తే ఈవిడ కంచం తీసేసి కడిగేసిన మనిషి.

ఇంతకీ ఈ పథ్యం వల్ల లాభముందా అని నేను అడక్కపోలేదు. ఉందిట. 2002లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశీలన ఒకటి అచ్చయింది. సహజంగా కిడ్నీ జబ్బు వచ్చిన 38 కుక్కల్లో కొన్నిటికి మామూలు తిండి, కొన్నిటికి కిడ్నీ పథ్యం పెట్టి రెండేళ్ళ దాకా గమనించారు. పథ్యం తిన్నవాటికి ఒంట్లో విషం ముదిరి ప్రాణం మీదికొచ్చే ముప్పు ముప్పావు వంతు దాకా తగ్గింది. మా అమ్మాయి ఆ కాగితం వాట్సాప్‌లో నాకు పంపింది. పంపవలసింది నాకు కాదు. వాణ్ణి నమ్మించడమే కష్టంగా ఉంది గానీ నేను ఎప్పుడో నమ్మేశాను.

కుక్కకి జబ్బు చేసిందని తెలియగానే మా పేటలో వైద్యులు బయల్దేరారు. ఒకాయన కొండపిండి ఆకు కోసుకొచ్చాడు. అది కిడ్నీలో రాళ్ళకి వాడతారండీ, వీడికి రాళ్ళు లేవు అంటే, "ఇకముందు కూడా రావు" అన్నాడు. మా బావమరిది, మాంసం గుడ్డు పూర్తిగా మానిపించి పెరుగన్నం మీద ఉంచమన్నాడు. మాంసకృత్తులు బొత్తిగా లేకపోతే ఒంట్లో కండ కరిగి కుక్క కృశించిపోతుందనీ, పెరుగులో భాస్వరం ఉందనీ చెబితే, "మీరు మరీ పుస్తకాలు చదువుతున్నారు బావగారూ" అని నొచ్చుకున్నాడు. మా వదిన ఫోన్లో ఒక వంటకం పంపింది. కార్జం, రాగిపిండి, ఎముకల సూపు కలిపి ఉడికించడం. దానికి "కిడ్నీ అమృతం" అని పేరు కూడా ఉంది. 2012లో అమెరికాలో నిపుణులు పుస్తకాల్లోనూ ఇంటర్నెట్‌లోనూ దొరికే ఇలాంటి ఇంటి వంటకాలు, కుక్కలవీ పిల్లులవీ కలిపి 67 పోగుచేసి లెక్కగట్టారు. అన్ని పోషకాలూ సరిపోయిన వంటకం ఒక్కటంటే ఒక్కటి లేదు. అందుకే మా డాక్టరమ్మ లెక్కగట్టి రాసిచ్చిన కొలతలు తప్ప ఇంకేమీ వండకూడదు. అందులో కాల్షియం, విటమిన్ల పొడి కూడా గ్రాముల్లో తూచి వెయ్యాలి. వదినకి ఈ సంగతి చెప్పే బాధ్యత మా ఆవిడ నాకు అప్పగించింది. నేను ఇంతవరకూ ఆ ఫోన్ చెయ్యలేదు.

బయటివాళ్ళని ఆపచ్చు. ఇంట్లోవాళ్ళని ఎలా ఆపుతారు? మా వైపు ప్రేమ చూపించడానికి వేరే పద్ధతులేమీ లేవు. కౌగిలించుకోం, నోటితో చెప్పం. "ఇంకాస్త వేసుకో" అంటాం, వద్దంటే ఇంకో గరిటె వేస్తాం, అంతే. చావుకి వెళ్ళినా భోంచేసి వెళ్ళమంటాం. అలాంటి ఇంట్లో పెట్టకపోవడమే ప్రేమ అని కాగితం మీద రాసిస్తే ఎవరు పాటిస్తారు? మా అమ్మ ప్రతి పూటా ఒక ముద్ద పక్కకి తీసి కుక్కకి పెట్టాకే నోట్లో పెట్టుకునే మనిషి. ఆ ముద్దలో పప్పూ ఆవకాయా ఉంటాయి. పథ్యం చీటీని తలుపుకి అంటించాం, చదివి వినిపించాం, కళ్ళనీళ్ళు పెట్టుకుని సరేనంది. ఆ మధ్యాహ్నమే ఆవిడ చీరకొంగులో మారీ బిస్కెట్ దొరికింది. తనకోసమే దాచుకున్నానంది. ఆవిడ నోట్లో ఉన్న పళ్ళతో బిస్కెట్ తినగలదా అన్న ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. ఇప్పుడు రాజీ కుదిరింది. బిస్కెట్ బదులు గింజలు తీసిన యాపిల్ ముక్క, లేదా కీరా ముక్క ఆవిడ చేత్తోనే పెట్టాలి. ఆవకాయ ముద్ద పక్కన కీరా ముక్క చూసి దొరబాబు ఆవిడకేసి చూసే చూపు నేను వర్ణించలేను. ఆవిడ కూడా నాకేసి అలాగే చూస్తుంది.

మహాభారతం ఆదిపర్వంలో ఒక కుక్క ఫిర్యాదు ఉంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సరమ కొడుకు వెళ్తే రాజు తమ్ముళ్ళు కొట్టారు. సరమ వచ్చి, నా కొడుకు హవిస్సు నాకలేదు, కన్నెత్తి అటు చూడనైనా లేదు, ఎందుకు కొట్టారని నిలదీసింది. దొరబాబు పక్షాన అలాంటి వాదన నిలవదు. వాడు చూశాడు, నాకాడు, నా పంచెకి మూతి తుడుచుకున్నాడు. అదే భారతంలో చివరికి ధర్మరాజు, కుక్కని వదిలి స్వర్గానికి రానని పట్టుబట్టాడు. గొప్ప సంగతే. అయితే హిమాలయాల దారి పొడుగునా ఆ కుక్కకి ఏం పెట్టాడో, ఎవరు వండారో వ్యాసుడు రాయలేదు. అసలు కష్టం అక్కడే ఉంది.

నిషేధాల్లో ఆఖరిది చింతపండు. పక్కవీధి గుళ్ళోంచి శనివారం వచ్చే పులిహోర ప్రసాదం మీద డాక్టరమ్మ కన్ను పడింది. ద్రాక్షపళ్ళు, కిస్‌మిస్‌లు తిన్న కుక్కలకి ఉన్నట్టుండి కిడ్నీలు దెబ్బతినడం చాలాకాలంగా చూస్తూనే ఉన్నారు గానీ, అందులో విషం ఏమిటో అంతుపట్టలేదు. 2021లో అమెరికా నిపుణులు టార్టారిక్ ఆమ్లం మీద అనుమానం ప్రకటించారు. ఆ ఆమ్లం చింతపండులో దండిగా ఉంది. చింతపండు తిన్న కుక్కల్లో కూడా అదే రకం దెబ్బ కనిపించింది. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాల్ని పగలగొడతాయని ముందే చెప్పారు. నా మోకాళ్ళ నొప్పి మాత్రలయితే వాడి కిడ్నీకి సాక్షాత్తూ విషమట, అవి బీరువాలో పెట్టి తాళం వేశాం. అంటే ఉప్పు లేదు, ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, చింతపండు లేదు. ఇవి లేకుండా ఒక వంట చెప్పమంటే మా ఆవిడ పావుగంట ఆలోచించి "మజ్జిగ" అంది. మజ్జిగలో భాస్వరం ఉంది.

ఇంతలో గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి. వరద మొదలైతే సముద్రంలోంచి ఏటికి ఎదురీదుకుంటూ పులస వస్తుంది. వీధిలోకి చేపల బుట్ట దిగింది. "ఆయ్, బాబుగారూ, ధవళేశ్వరం కాడ తెల్లారగట్ల పడిందండీ. ఇంకా కదుల్తా ఉంది చూడండి." పుస్తెలమ్మి అయినా పులస తినాలని మా వైపు సామెత. మా ఆవిడ మెడకేసి చూడకుండానే బేరం ఆడబోయాను. వెనకనుంచి మాట వినిపించింది.

"పులస తెస్తే వండేది ఎవరు, కాపలా ఉండేది ఎవరు?"

ఆవిడ అడిగిన దాంట్లో న్యాయముంది. పులస పులుసు పొద్దున వండి మధ్యాహ్నం తినేది కాదు. చింతపులుసు పోసి, ఉల్లిపాయలూ బెండకాయలూ వేసి, సన్నని సెగ మీద మగ్గనిచ్చి, రాత్రంతా కదపకుండా ఉంచి, మర్నాడు తినాలి. ముక్కనిండా ముళ్ళు. ఉప్పు, ఉల్లి, చింతపండు, ముళ్ళు, దొరబాబుకి నిషేధించిన సమస్తం ఒకే దాకలో, మూత సందులోంచి వాసన వదులుతూ, రాత్రంతా మా వంటింట్లో ఉండాలి. దాక ఒక పక్క, దొరబాబు ఇంకో పక్క, మధ్యలో మా అమ్మ మంచం. ఏం జరుగుతుందో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. ఈ ఏడు మా ఇంట్లో పులస రద్దయింది. తీర్మానం ఏకగ్రీవమని వీడియో కాల్లో అమ్మాయి ప్రకటించింది. నేను చెయ్యి ఎత్తలేదు, ఎవరూ చూడలేదు.

పెన్షనర్ల సంఘం మీటింగు ఉందని చెప్పి మొన్న బయల్దేరాను. సంఘం ఉన్నమాట నిజం, సభ్యుడొకాయన ఇంటికే వెళ్ళానన్నమాట కూడా నిజం. ఎజెండాలో ఒకటే అంశం. తెల్లన్నంలో కలుపుకున్నాను, ముల్లు ముల్లూ ఏరుకుని తిన్నాను, చర్చ సుదీర్ఘంగా జరిగింది. తరవాత సబ్బుతో కడుక్కున్నాను, నిమ్మచెక్క రుద్దుకున్నాను, శెనగపిండితో తోముకున్నాను. దారిలో కిళ్ళీ కూడా వేసుకుని ఇంటికొచ్చాను.

గుమ్మంలో దొరబాబు పడుకుని ఉన్నాడు. పొద్దుటినుంచీ ఏమీ ముట్టలేదట. సంచీ తిండి, తెల్లసొన, మందు కలిపిన గిన్నె వాడి ముందు అలాగే ఉంది. నన్ను చూసి లేవలేదు. కుర్చీలో కూర్చుని చెయ్యి కిందికి వేలాడేశాను. అప్పుడు ముక్కు కదిలింది. లేచి వచ్చాడు. బొటనవేలితో మొదలుపెట్టి ఒక్కొక్క వేలే పరీక్షించాడు, ఉంగరం కింద ప్రత్యేకంగా. తోక ఊగడం మొదలైంది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నిలబడి ఈ విచారణ అంతా చూసింది. నేను పైకప్పు చూశాను.

వాడు నాకబోతుంటే ఆవిడ నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ ఆ చేతిని తీసుకెళ్ళి గిన్నె అంచు పక్కన నేల మీద పెట్టింది.

"నాకనివ్వకండి. వాసన చూస్తే చాలు. కదపకండి."

దొరబాబు నా చెయ్యి వాసన చూశాడు, గిన్నెలోది ఒక గుటక తిన్నాడు. మళ్ళీ చెయ్యి వాసన చూశాడు, మళ్ళీ తిన్నాడు. నేను మోకాళ్ళ నొప్పులతో నేల మీద వంగి ఉన్నాను. వాడు అడుగంటా తిని గిన్నె నాకేశాడు. మా ఆవిడ గిన్నె తీస్తూ, నా మొహం చూడకుండానే అంది.

"రేపు కూడా మీటింగు ఉందేమో కనుక్కోండి."